కొత్త టీచరమ్మకు ఒకే ఒక్క ప్రశ్న

మన ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాయంటే బిస్మిల్లా ఖ్వానీ జరపడం తరతరాలుగా వస్తున్న ఆనవాయితీ. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, ఇంటి పెద్దో మస్జిదు ఇమాం సాహెబో పక్కన కూర్చోబెట్టుకుని బిడ్డ చేత తొలి పలుకు పలికిస్తారు. బిడ్డ సగమే పలికినా, తడబడినా అందరూ మురిసిపోతారు. మిఠాయి పంచుతారు. పక్కింటి హిందూ సోదరుల ఇంట అక్షరాభ్యాసం నాడు కనిపించే సందడే ఇదీ.

ఆ వేడుక ముగిసిన తర్వాత ఏం జరుగుతుంది? బిడ్డ వీధి చివర అంగన్‌వాడీకో, బడిలోని చిన్న తరగతికో వెళతాడు. అక్కడ దండ లేదు, మిఠాయి లేదు. ఎదురుగా కొత్త టీచరమ్మ ఉంటుంది. సగం పలికితే మురిసిపోయిన ఇల్లు దాటి, సగం పలికితే నవ్వే పిల్లల మధ్యకు ఆ బిడ్డ వచ్చాడు. అతని నోట మాట నిలుస్తుందా, మూతపడుతుందా అన్నది చాలా వరకు ఆ టీచరమ్మ చేతిలోనే ఉంది.

మరి ఆమె ఏం నేర్చుకోవాలి? పిల్లలకు ఏం నేర్పాలో చెప్పేవారు ఆమెకు చాలామంది ఉన్నారు. తాను ఏం తెలుసుకోవాలో నిర్ణయించుకోవడం మాత్రం ఆమె ఒక్కతే చేయాల్సిన పని. ఈ వారం ఆ సంగతే ముచ్చటించుకుందాం.

మూడు వాక్యాల కాగితం

కిందటి వేసవి చివర మా వీధి అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. రాజమండ్రికి దగ్గరలోనే, గోదావరి కాలువ గట్టున ఉన్న ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా కొత్తగా చేరింది. ఇంటర్ చదివింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. చేతిలో ఒక కాగితం ఉంది.

"ఆపా, ఈ ఏడాది మీ లక్ష్యాలేమిటో రాసి తెమ్మన్నారు. రాశాను. ఒకసారి చూసి పెట్టండి" అంది.

చూశాం. మూడు వాక్యాలున్నాయి. పిల్లలందరికీ అక్షరమాల నేర్పిస్తాను. హాజరు నూరు శాతం సాధిస్తాను. క్రమశిక్షణ అలవాటు చేస్తాను.

"బాగానే ఉన్నాయి తల్లీ. కానీ ఇవన్నీ పిల్లలు చేయాల్సిన పనులు. నువ్వు తెలుసుకోవాల్సింది ఇందులో ఏది?" అని అడిగాం.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "నేను తెలుసుకోవాల్సింది శిక్షణలో చెప్పేశారు కదా ఆపా?" అంది.

చాలామంది కొత్త టీచర్ల మనసులో మాట ఇదే. శిక్షణతో నేర్చుకోవడం అయిపోయింది, ఇక నేర్పడమే మిగిలింది అనుకుంటారు. తప్పు వారిది కాదు. వారి నెత్తిన ఉన్న బరువు అలాంటిది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీకి ఆరు సేవలు అప్పగించింది. పూరక పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణపై అవగాహన, వీటితో పాటు పూర్వ ప్రాథమిక విద్య. బరువులు తూచాలి, ఎత్తులు కొలవాలి, గుడ్లు లెక్కపెట్టాలి. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌తో ఫోనులో నమోదు పనీ చేరింది. ఇంత పని మధ్య చదువు చెప్పడమే గగనమైనప్పుడు, తాను నేర్చుకోవడమనే మాట గుర్తుకు రాకపోవడం సహజమే.

అయినా మేము ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, మా పాత సంగతి ఒకటి చెప్పాం. చెప్పుకోవడానికి గర్వపడే సంగతి కాదది.

మేము అడగని ప్రశ్న

మేము టీచరు ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం. డెల్టాలోనే ఒక చిన్న బడి. దాని పేరు ఇక్కడ అనవసరం. నర్సరీ తరగతి మాకిచ్చారు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. కోస్తాలో తెలుగే ఇంటిభాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయని పాఠకులకు తెలుసు. తరగతిలో ఒక బాబు ఉండేవాడు. అతనిది ఉర్దూ మాట్లాడే ఇల్లు. చేరిన రెండు మూడు రోజులు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. పేరడిగితే తల దించుకునేవాడు. పాట పాడమంటే కిటికీలోంచి బయటకు చూసేవాడు. మూడు నెలలు చూసి ప్రోగ్రెస్ కార్డులో 'మందకొడి' అని రాశాం.

సంక్రాంతి సెలవుల ముందు ఒక సాయంత్రం బాబును తీసుకెళ్లడానికి వాళ్ల దాదీ వచ్చింది. గేటు దాటగానే వినిపించింది. మెట్లు దిగుతూ ఆ బాబు గట్టిగా లెక్కపెడుతున్నాడు. ఏక్, దో, తీన్, చార్... మెట్లయిపోయినా లెక్క ఆగలేదు. వీధిలో కొబ్బరిచెట్లు లెక్కపెడుతున్నాడు. ఇరవై దాటాడు. మా తరగతిలో పది దాకా తప్పు లేకుండా చెప్పగలిగినవారు ఆనాటికి నలుగురే.

మేము పరుగున వెళ్లి దాదీని ఆపాం. ఆమె చెప్పిన మాట నేటికీ మరచిపోలేదు. "ఇంట్లో వీడి నోరు మూయించలేకపోతున్నామమ్మా. బళ్లో మాత్రం తనను నక్క అంటున్నారని మాట్లాడనంటాడు."

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. చేరిన మూడో రోజు మధ్యాహ్నం ఎవరో పిల్లవాడు తన డబ్బాలోది తినమని ఇస్తే బాబు "నక్కో" అన్నాడు. మన దక్కనీ ఉర్దూలో 'వద్దు' అని అర్థం. తెలుగు పిల్లలకు అది 'నక్క'లా వినిపించింది. తరగతంతా గొల్లున నవ్వింది. మేము బల్ల మీద కర్రతో కొట్టి నిశ్శబ్దం చేశాం. ఎందుకు నవ్వారని అడగలేదు. ఆ రోజున ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, రెండు నిమిషాల్లో తేలిపోయేది. అడగనందుకు ఒక బిడ్డ ఆరు నెలలు మూగవాడయ్యాడు.

ఆ తర్వాత మేము ఎంత ప్రయత్నించినా ఆ ఏడాది మిగిలిన రోజులు చాలలేదు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ కుటుంబం వేరే ఊరు వెళ్లిపోయింది. మేము రాసిన 'మందకొడి' అనే మాట ఉన్న కార్డు కూడా వాళ్లతోనే వెళ్లిపోయింది. దాన్ని దిద్దే అవకాశం మాకు మళ్లీ రాలేదు.

రాజమండ్రి చేరిన గిడుగు మాస్టారు

ప్రశ్న అడిగిన టీచరు ఎంత దూరం వెళ్లగలడో చెప్పడానికి మనకు దగ్గరలోనే ఒక నిదర్శనం ఉంది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నారు. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పుట్టిన రోజు. 1863లో పుట్టిన ఆయన పండితుడుగా, వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా అందరికీ తెలుసు. కానీ ముందుగా ఆయన బడి పంతులు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడు.

1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు తెలుగు నేర్చుకుంటూ ఒక చిక్కులో పడ్డాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లోని తెలుగు మరొకటి. ఎందుకిలా ఉంది, బడిలో పిల్లలకు ఏది చెప్పాలి అన్నది అతని సందేహం. అప్పటికి ఎంతోమంది పంతుళ్లు ఆ తేడాను రోజూ చూస్తూనే ఉన్నారు. గిడుగు వారు మాత్రం దాన్ని తన ప్రశ్నగా చేసుకున్నారు. తాళపత్రాలు, శాసనాలు, పాత వచన గ్రంథాలు వెతికారు. మిగిలిన జీవితమంతా ఆ ప్రశ్న వెంటే నడిచారు. ఈ రోజు మీరు ఈ పేజీని నిఘంటువు అవసరం లేకుండా చదవగలుగుతున్నారంటే అందులో ఆ ప్రశ్నకు వాటా ఉంది.

ఆయన చేసిన మరో పని మనం ఇంకా శ్రద్ధగా గమనించాలి. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉన్నారు. వారి పిల్లలకు తెలుగు రాదు. పంతుళ్లకు సవర భాష రాదు. తెలుగు వస్తేనే చదువు అని గిడుగు వారు అనుకోలేదు. సవర తెలిసిన మనిషిని దగ్గర పెట్టుకుని తానే ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆ మార్పును అంగీకరించలేక ఆయన ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. చివరి సంవత్సరాలు ఈ గోదావరి గట్టునే గడిపి 1940 జనవరి 22న కన్నుమూశారు. బిడ్డ నోటి మాటకు, బడి పుస్తకానికి మధ్య దూరం ఎంత అని అడిగిన మాస్టారు ఇక్కడ నివసించారు. ఆ ప్రశ్న ఇక్కడి అంగన్‌వాడీలకూ చెందినదే.

వకీలు గారు, టేపు రికార్డరు

ఇలా తన తరగతినే పాఠ్యపుస్తకంగా చదువుకున్న టీచర్లు ఇంకా ఉన్నారు. గుజరాత్‌లో గిజుభాయ్ బధేకా అనే ఆయన వృత్తిరీత్యా వకీలు. కొడుకు పుట్టాక, ఈ బిడ్డను ఎలా పెంచాలి, ఎలాంటి బడికి పంపాలి అన్న ఆలోచన పట్టుకుంది. మరియా మాంటిసోరి పుస్తకాలు చదివారు. వకీలు వృత్తి వదిలి 1920లో భావనగర్‌లో బాల మందిరం తెరిచారు. ఆయన రాసిన 'దివాస్వప్న' అనే పుస్తకంలో ఒక టీచరు, విద్యాధికారి దగ్గర అనుమతి తీసుకుని, ఒక తరగతితో ఏడాది పాటు ప్రయోగాలు చేస్తాడు. కొన్ని ఫలిస్తాయి, కొన్ని బెడిసికొడతాయి. బెడిసికొట్టినవి దాచుకోడు. పిల్లలు గిజుభాయ్‌ని 'మీసాల అమ్మ' అని పిలుచుకునేవారట. 1939లో ఆయన మరణించారు.

సముద్రాల అవతల, అమెరికాలోని చికాగో నగరంలో వివియన్ పేలీ అనే కిండర్‌గార్టెన్ టీచరు ఉండేవారు. తాను పిల్లలతో ఎలా మాట్లాడుతున్నదీ తనకే తెలియడం లేదని ఆమెకు అనుమానం వచ్చింది. తరగతిలో టేపు రికార్డరు పెట్టి, ఇంటికి వెళ్లాక విన్నారు. తాను ఎక్కడ తొందరపడ్డదీ, ఏ బిడ్డ మాట మధ్యలో తుంచేసిందీ వినిపించింది. తెల్లజాతి టీచరుగా తాను నల్లజాతి పిల్లలతో ఎలా మెలుగుతున్నానన్న ప్రశ్నతో 1979లో ఒక పుస్తకమే రాశారు. 1989లో ఆమెకు ప్రతిష్ఠాత్మకమైన మెకార్థర్ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న రోజుల్లోనూ ఆమె చిన్నపిల్లల టీచరే.

ఒకరు పంతులు, ఒకరు వకీలు, ఒకరు కిండర్‌గార్టెన్ టీచరు. ముగ్గురూ పిల్లలను మార్చడంతో మొదలుపెట్టలేదు. తమకు తెలియనిది ఏమిటో గుర్తించడంతో మొదలుపెట్టారు.

మంచి ప్రశ్నకు గుర్తులు

ఈ సంగతులన్నీ విన్నాక ఆ అమ్మాయి అడిగింది. "వాళ్లంతా గొప్పవాళ్లు ఆపా. మా సెంటరులో 14 మంది పిల్లలు, నేను, ఆయమ్మ. నాలాంటి దానికి ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది?"

ప్రశ్న పుస్తకాల నుంచి రానక్కర్లేదు. మనకు కోపం తెప్పించే చోట, ఆశ్చర్యం కలిగించే చోట, సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా మనసులో మెదిలే బిడ్డ దగ్గర అది ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి మా అనుభవంలో నాలుగు గుర్తులున్నాయి.

మొదటిది, ప్రశ్న చిన్నదై ఉండాలి. 'పిల్లలు ఎలా నేర్చుకుంటారు' అన్నది పండితులకు వదిలేద్దాం. 'పొద్దున ఏడుస్తూ వచ్చే ఇద్దరు పిల్లలు ఎంతసేపటికి, ఏం చేస్తే ఊరుకుంటున్నారు' అన్నది ఒక టీచరుకు చాలినంత ప్రశ్న.

రెండోది, జవాబు కంటికి కనబడేది, చెవికి వినబడేది కావాలి. 'పిల్లలకు లెక్కలంటే ఇష్టమా' అని అడిగితే ఊహ తప్ప జవాబు దొరకదు. 'చింతపిక్కలు చేతికిస్తే ఎంతమంది ఐదు దాకా సరిగా లెక్కపెడుతున్నారు, నోటితో చెప్పమంటే ఎంతమంది' అని అడిగితే వారంలో తెలుస్తుంది.

మూడోది, ప్రశ్నలో టీచరు కూడా ఉండాలి. 'రోజు మొత్తం మీద నేను ఎవరిని పేరు పెట్టి పిలుస్తున్నాను, ఎవరిని ఒక్కసారి కూడా పిలవడం లేదు' అని లెక్క రాసుకుంటే చాలు. ఆ పట్టిక చూసుకున్న టీచరు మర్నాడు అదే టీచరుగా ఉండలేదు.

నాలుగోది, ముందే జవాబు తెలిసినది ప్రశ్న కాదు. 'తల్లిదండ్రుల అశ్రద్ధ వల్ల హాజరు తగ్గుతోందా' అని రాసుకున్నామంటే తీర్పు ముందే ఇచ్చేశామన్న మాట. 'కోతల రోజుల్లో మానేసిన పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారు, తిరిగి వచ్చాక ఏం మరచిపోతున్నారు' అని అడిగితే కొత్త సంగతి తెలిసే వీలుంది.

ఎడమ పేజీ, కుడి పేజీ

ప్రశ్న దొరికాక కావలసింది ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, రోజుకు పది నిమిషాలు. పిల్లలు తిన్నాక పడుకునే వేళ చాలు. పుస్తకం తెరిస్తే రెండు పేజీలు కనిపిస్తాయి కదా. ఎడమ పేజీలో చూసింది, విన్నది మాత్రమే రాయాలి. తేదీ, సమయం, బిడ్డ ఏం చేసింది, ఏం అంది, తన మాటల్లోనే. కుడి పేజీలో మన ఊహ రాసుకోవాలి. ఈ రెండూ కలపకూడదు. 'మొండి చేసింది' అన్నది కుడి పేజీ మాట. 'పలక నేల మీద పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది' అన్నది ఎడమ పేజీ మాట. మేము ఆనాడు 'మందకొడి' అన్న కుడి పేజీ మాటను తీసుకెళ్లి కార్డు మీద రాశాం. ఎడమ పేజీలో రాయడానికి మా దగ్గర ఏమీ లేదు.

వారానికి ఒకసారి రాసినదంతా చదువుకోవాలి. నెలకు ఒక్క మార్పు మాత్రమే చేయాలి. పిల్లలు కూర్చునే చోటు మార్చడమో, పాటను పొద్దుటికి జరపడమో, కథకు ముందు బొమ్మ చూపడమో ఏదో ఒకటి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. నెల తర్వాత మార్పు కనబడకపోతే అది ఓటమి కాదు. అదీ పుస్తకంలో రాసుకోవాల్సిన జవాబే.

ఒక జాగ్రత్త. ఆ పుస్తకంలో ఉన్నవి బిడ్డల సంగతులు. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, పదిమంది తల్లుల మధ్య చదివి వినిపించడం తగదు. ఆ బిడ్డ తల్లితో, అవసరమైతే సూపర్‌వైజరుతో మాత్రమే మాట్లాడాలి.

ఇంకో జాగ్రత్త దీనికంటే ముఖ్యమైనది. బిడ్డ మాట్లాడకపోవడానికి భాష ఒక్కటే కారణం కాకపోవచ్చు. వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదా? తలుపు దబ్బున పడినా ఉలకడం లేదా? ఇంట్లో కూడా మాటలు రావడం లేదా? అలాంటప్పుడు నెలల తరబడి గమనిస్తూ కూర్చోకూడదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే వైద్య బృందాలున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా వారికి చూపించాలి. వినికిడి లోపం తొందరగా పట్టుకుంటే బిడ్డకు మాట దక్కుతుంది.

ఇదంతా టీచరమ్మ సొంత సరదా అని ఎవరైనా అంటే ఒక మాట చెప్పవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చిన్నపిల్లలను పరీక్షలతో కాక, గమనించి, రాసుకుని అంచనా వేయమంది. ఇంటిభాషలో చదువు మొదలుపెట్టమంది. 2022లోనే మన రాష్ట్రంలో ఉర్దూకు రెండో అధికార భాష హోదా ఇస్తూ శాసనసభ చట్టం చేసింది. కాగితం మీద బిడ్డ భాషకు చోటు దొరికింది. తరగతి గదిలో చోటు ఇవ్వాల్సింది మాత్రం టీచరే.

ఇంటివారి వంతు

తల్లిదండ్రులకూ ఒక మనవి. మూడేళ్ల బిడ్డను సాయంత్రం ఇంటికి రాగానే "ఏం రాశావు, ఎన్ని అక్షరాలు వచ్చాయి" అని నిలదీయకండి. "ఎవరితో ఆడావు, ఏం పాట పాడావు" అని అడగండి. టీచరమ్మ దగ్గరకు వెళ్లి మీ ఇంట్లో నీళ్లను ఏమంటారో, అన్నాన్ని ఏమంటారో, బిడ్డకు మూత్రం వస్తే ఏ మాట వాడతాడో చెప్పండి. పది మాటల జాబితా చాలు. చదువు రాని దాదీ, నానీ కూడా ఈ సహాయం చేయగలరు. ఆనాడు మాకు పాఠం చెప్పింది ఒక దాదీయే. జమాఅత్ పెద్దలు పదో తరగతి ఫస్టు ర్యాంకులకు బహుమతులు ఇస్తున్నారు, సంతోషం. వీధిలోని అంగన్‌వాడీకి కూడా ఏడాదికి ఒకసారి వెళ్లి కూర్చుని చూస్తే బాగుంటుంది.

'అండా' అన్న మాట

మళ్లీ మన టీచరమ్మ దగ్గరకు వద్దాం. మూడు వాక్యాల కాగితం ఆమె పారేయలేదు. అడగినవారికి అది ఇచ్చింది. తన కోసం మాత్రం నోటు పుస్తకం మొదటి పేజీలో ఒక ప్రశ్న రాసుకుంది. ఆమె సెంటరులో ఒక పాప ఉంది. ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం. నాలుగేళ్లుంటాయి. చేరి నెలైనా ఒక్క మాట మాట్లాడలేదు. పిలిస్తే తిరిగి చూస్తుంది, తల్లితో మెల్లగా మాట్లాడుతుంది. కనుక వినికిడి బాగానే ఉంది. 'ఈ పాప ఏ వేళ, ఎవరి దగ్గర, ఏ ఆటలో నోరు విప్పుతుంది' అన్నది ఆ ప్రశ్న.

మొదటి రెండు వారాలు ఎడమ పేజీలో పెద్దగా ఏమీ పడలేదు. పాట వేళ పెదవులు కదలలేదు. ఇసుకలో ఆడేటప్పుడు ఏదో గొణిగింది, వినబడలేదు. మూడో వారం ఒక మధ్యాహ్నం గుడ్లు పంచుతుండగా గిన్నె వైపు చూస్తూ పాప మెల్లగా "అండా" అంది. పక్కన పిల్లలకు అర్థం కాలేదు. ఆయమ్మకూ అర్థం కాలేదు. టీచరమ్మకు అర్థమైంది. గుడ్డును ఒడియాలోనూ అండా అంటారు, మన ఉర్దూలోనూ అండా అంటారు. వెంటనే ఆమె గ్లాసు చూపించి "పానీ?" అంది. పాప "పాణి" అంది.

"ఆపా, సెంటరులో తెలుగే మాట్లాడాలని ఇన్నాళ్లూ నేను నా ఉర్దూ గుమ్మం బయట వదిలి వెళుతున్నాను. ఆ పాపకు కావలసిన మాట నా ఇంట్లోనే ఉంది" అని ఫోను చేసి చెప్పింది. ఆ గొంతులో ఏడుపుందో సంతోషముందో మాకు తెలియలేదు.

ఇప్పుడు ఆ సెంటరు గోడ మీద చార్టు ఒకటి ఉందట. గుడ్డు బొమ్మ కింద గుడ్డు, అండా అని రెండు మాటలు. నీళ్ల బొమ్మ కింద నీళ్లు, పానీ, పాణి అని మూడు. తెలుగు పిల్లలే పోటీలు పడి ఆ మాటలు అంటున్నారట. పాప గలగలా మాట్లాడేస్తోందని మేము రాయలేం. ఏడెనిమిది మాటలు అంటోంది. పాటలో ఇంకా గొంతు కలపడం లేదు. బట్టీ పని ముగిస్తే ఆ కుటుంబం తిరిగి వెళ్లిపోవచ్చు కూడా. ఈలోగా ఎంత జరుగుతుందో చూడాలి.

పోయిన జుమా నాడు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. నోటు పుస్తకం సగం నిండింది. కొత్త పేజీలో మరో ప్రశ్న రాసి ఉంది. 'కొత్త మాట విని పిల్లలు నవ్వినప్పుడు నేను ఏం చేస్తున్నాను?'

ఆ వాక్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. ఎన్నో ఏళ్ల కిందట ఒక తరగతి గదిలో బల్ల మీద కర్రతో కొట్టిన చప్పుడు మాకు మళ్లీ వినిపించింది. పుస్తకం మూసి ఆమె చేతికిచ్చి, "ఈ ఏడాదికి ఇది చాలు తల్లీ" అన్నాం.